మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో తెలుగు పాటలు: తప్పుల్ని గుమ్మం దగ్గరే ఆపాలా, లోపలికి వచ్చాక పట్టుకోవాలా?

రెండోచరణం | శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మనలో చాలామందిమి మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో, అంటే ఎవరైనా చేర్చి దిద్దగల సంగీత సమాచార డేటాబేసులో, తెలుగు సినిమా పాటలు, కీర్తనలు, లలిత గీతాల వివరాలు ఎక్కిస్తున్నాం. ఎక్కించేవాళ్లు పెరిగారు, సంతోషం. సరిచూసేవాళ్లు మాత్రం పెరగలేదు. దీని మీద వివరంగా మాట్లాడుకోవాలనే ఈ చర్చ పెడుతున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు పద్ధతి చెప్తాను. ఉన్న సమాచారాన్ని ఎవరైనా మారిస్తే, ముఖ్యమైన మార్పులు 7 రోజులు ఓటింగ్‌లో ఉంటాయి. ముగ్గురు ఒకే మాట మీద అవునన్నా, కాదన్నా గడువుకి ముందే తేలిపోతుంది. అసలు ఎవరూ ఓటు వేయకపోతే గడువు తీరగానే మార్పు అమల్లోకి వచ్చేస్తుంది. ప్రపంచమంతా వినే ఇంగ్లీషు బ్యాండ్ల పేజీలకి ఇది బాగానే పనిచేస్తుంది. వాటిని సబ్‌స్క్రైబ్ చేసుకుని గమనిస్తూ ఉండేవాళ్లు బోలెడంతమంది. పాత సంగీత దర్శకులు పెండ్యాల గారి పేజీలోనో, టి.వి. రాజు గారి పేజీలోనో ఏదైనా మారితే చూసేదెవరు? ఓటు పడలేదంటే అందరూ ఒప్పుకున్నారని కాదు, ఎవరూ చూడలేదని.

ఇలాంటి డేటాబేసుల్లో తెలుగు పాటల దగ్గర పదేపదే కనిపించే తప్పులు మీకూ తెలుసు. 1950ల నాటి సినిమా పాటలకి విడుదల సంవత్సరం 2010 తర్వాతది ఉంటుంది, ఎందుకంటే ఆన్‌లైన్‌లో పెట్టిన తేదీని ఎత్తి రాస్తారు. గాయకుల పేర్ల మధ్య హీరో పేరు ఉంటుంది. రచయిత గడి ఖాళీగా ఉంటుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, సినారె రాసిన పాటలు ఎవరు రాశారో లేకుండా పడి ఉండటం ఏమిటండీ?

నా ప్రతిపాదన: కొత్త ఎడిటర్లు చేసే ఏ మార్పయినా, కనీసం ఒక్క "అవును" ఓటు పడితే తప్ప అమలు కాకూడదు. ఎవరూ చూడకపోతే ఆగిపోవాలి. మీ అభిప్రాయాలు చెప్పండి.

రికార్డుపెట్టె | శనివారం, ఉదయం 10:25

ఓటు కంటే ముందు ఆధారం అడగాలంటాను. విషయం తెలియనివాళ్లు ముగ్గురు అవునన్నంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

రికార్డులు, సీడీల వివరాలు నమోదు చేసే ఇంకో సైటు డిస్కాగ్స్ సంగతి చూడండి. అక్కడ ముందస్తు ఆమోదం లేదు. నమోదు చేసిన వెంటనే కనబడుతుంది, తర్వాత మిగతా సభ్యులు ఓటు వేస్తారు, దిద్దుతారు. కానీ ఒక గట్టి నియమం పెట్టుకున్నారు: వస్తువు చేతిలో ఉంటేనే నమోదు చేయాలి. ఎల్పీ రికార్డు ఎక్కిస్తున్నానంటే ఆ ఎల్పీ నా ముందు ఉండాలి. కేటలాగ్ నంబరు, లేబుల్ మీది అక్షరాలు, లేబుల్‌కి పక్కన నల్లటి భాగంలో గీసి ఉండే మ్యాట్రిక్స్ నంబరు, అన్నీ చూసి రాయాలి. పాత రికార్డుల విషయంలో నేను ముందు అక్కడే వెతుకుతాను, కారణం ఇదే.

మన దగ్గర ఆ అలవాటు లేదు. మార్పుకి కారణం రాసే నోట్ గడిలో "సరిచేశాను" అని ఒక్క మాట రాసి వెళ్లిపోతారు. ఏది చూసి సరిచేశారు? ఇంకొకరు దాన్ని ఎలా తనిఖీ చేయాలి? రెండోచరణం గారూ, ఓటు వేసేవాడికి చూడటానికి ఏమీ లేనప్పుడు వాడి ఓటుకి విలువేముంటుంది?

కోడ్‌గూడు | శనివారం, ఉదయం 11:50

రెండోచరణం గారి బాధ అర్థమైంది, కానీ ప్రతిపాదనతో ఏకీభవించను. ఓటు వేసేవాళ్లు లేరనేది మీరు చెప్పిన సమస్య. ఓటు పడకపోతే మార్పు ఆగిపోవాలనేది మీరు చెప్పిన పరిష్కారం. రెండూ కలిపి చూడండి: తెలుగు డేటాలో ఏ మార్పూ జరగదు. తప్పుల్ని దిద్దే మార్పులు కూడా ఆగిపోతాయి. రచయిత గడి ఖాళీగా ఉందన్నారు కదా, దాన్ని నింపడానికి వచ్చినవాడు కూడా వరసలో నిలబడి నిలబడి వెళ్లిపోతాడు.

ఇంకో సంగతి. కొత్త ఆర్టిస్టుని, కొత్త విడుదలని చేర్చడానికి అసలు ఓటింగే లేదు, వెంటనే చేరిపోతాయి. అలా ఉంచడమే సరైనది. నకిలీ పేజీ ఒకటి చేరిందనుకోండి, తర్వాత తీసేయొచ్చు, పక్కదానితో కలిపేయొచ్చు. నష్టం చిన్నది.

నష్టం ఎక్కడ పెద్దదంటే, విలీనం దగ్గర. ఇద్దరు ఆర్టిస్టులు ఒకరేననుకుని కలిపేస్తే రెండు పేజీల కింద ఉన్న పాటలన్నీ ఒకే కుప్పలో పడతాయి. పాత గుర్తింపు సంఖ్య కొత్తదానికి దారి మళ్లుతుంది. ఆ తర్వాత "ఇది తప్పు" అని తెలిసినా ఒక్క బటన్‌తో విడదీసే వీలు లేదు. ఏ పాట ఎవరిదో ఒక్కొక్కటిగా మనుషులే వేరు చేయాలి. ఈలోపు పికార్డ్ (ఇక్కడి డేటాతో పాటల ఫైళ్ల వివరాలు నింపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల కంప్యూటర్లలో ఫైళ్ల పేర్లు మారిపోయి ఉంటాయి. వికీడేటాలో (వికీపీడియా వాళ్ల డేటాబేసు), ఇతర సైట్లలో ఆ సంఖ్యకి లింకులు పెట్టి ఉంటారు. బీబీసీ లాంటి సంస్థ కూడా తన సంగీత పేజీలకి ఈ గుర్తింపు సంఖ్యల్నే వాడింది. అంటే ఇక్కడి తప్పు ఇక్కడే ఉండిపోదు.

కాబట్టి నా మాట ఇది. కొత్తవాడా పాతవాడా అని కాదు, ఆ మార్పుని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టం అన్నదాన్ని బట్టి కఠినంగా ఉండాలి. చేర్చడం సులువుగా ఉండనివ్వండి. కలపడానికి మాత్రం గట్టి ఆధారం అడగండి, మనలో ఇద్దరైనా చూడకుండా పోనివ్వకండి. గడువులోపు ఎవరికైనా అనుమానం ఉంటే "కాదు" ఓటు వేయడానికి వెనకాడొద్దు. ఆధారం చూపించాక ఓటు మార్చుకోవచ్చు.

గౌతమితీరం | శనివారం, మధ్యాహ్నం 1:15

కోడ్‌గూడు గారు విలీనం గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మన సంగీతంలో పేర్ల తంటా ఎంత ఉందో కొన్ని చెప్తాను. సంగీతం పాఠాలు చెప్పే దాన్ని కాబట్టి ఇవి నాకు రోజూ ఎదురయ్యేవే.

శ్రీనివాస్ అనే పేరు తీసుకోండి. పి.బి. శ్రీనివాస్ గారు మన కాకినాడలో పుట్టిన గాయకులు. వందేమాతరం శ్రీనివాస్ గారు గాయకులూ, సంగీత దర్శకులూ. మాండొలిన్ శ్రీనివాస్ గారు పాలకొల్లులో పుట్టిన వాద్య విద్వాంసులు. వీళ్లు కాక ఇనీషియల్ లేకుండా ఉత్త "శ్రీనివాస్" అనే పేరుతో పాడే గాయకుడు ఇంకొకరు. కేసెట్ కవరు మీద "శ్రీనివాస్, చిత్ర" అని మాత్రమే ఉంటుంది. ఎక్కించేవాడు వెతికితే మొదట వచ్చిన శ్రీనివాస్‌ని తగిలించేస్తాడు.

కృష్ణవేణి అని ఉంటే ఇంకా జాగ్రత్త. "మన దేశం" సినిమా నిర్మించిన నటి, గాయని సి. కృష్ణవేణి గారు ఒకరు. మనందరం జిక్కి అని పిలుచుకునే పి.జి. కృష్ణవేణి గారు ఇంకొకరు. ఇద్దరూ ఆ కాలంలోనే పాడినవాళ్లు. ఇక్కడ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయం.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది, ఒకే మనిషికి అనేక పేర్లు. నాగూర్ బాబు గారే మనో. తెలుగులో కీరవాణి గారు తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. ఇవి వేర్వేరు పేజీలుగా ఉంటే తప్పకుండా కలపాలి. మారుపేర్లుగా చేర్చి, ఏ విడుదల మీద ఏ పేరు అచ్చయిందో అలాగే కనబడేలా పెట్టుకోవచ్చు. సుశీల గారి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా వేశారో పాత రికార్డులు చూసినవాళ్లకి తెలుసు.

రాజ్-కోటి మరో రకం. అది జంట పేరు. రాజ్ గారికీ, కోటి గారికీ విడివిడిగా పేజీలు ఉండాలి, జంటకి మూడో పేజీ ఉండాలి, ముగ్గురి మధ్యా సంబంధం చూపించాలి. జంటగా చేసిన సినిమాలు కోటి గారి పేజీలో పడేస్తే రాజ్ గారి పని కనబడకుండా పోతుంది. ఒక మనిషి జీవితమంతా చేసిన పని అది.

నేను కోరేది ఒక్కటే. ప్రతి పేరు పక్కన తేడా చెప్పే చిన్న వివరణ గడి ఉంది కదా, దాన్ని ఖాళీగా వదలొద్దు. "గాయకుడు" అని రాస్తే చాలదు. "సినీ గాయకుడు, పి.బి. శ్రీనివాస్ కాదు" అని రాయండి. వచ్చేవాడు అక్కడే ఆగి చూస్తాడు.

కొత్తగొంతు | శనివారం, మధ్యాహ్నం 2:30

అందరికీ నమస్తే. నేను చేరి ఎక్కువ రోజులు కాలేదు. మాది కరీంనగర్ వైపు. జానపదాలు ఎక్కిస్తున్నాను, ఎందుకంటే అవి ఎక్కడా సరిగ్గా లేవు. మొన్న ఒక పాటకి నేను పెట్టిన మార్పు మీద ఒకరు "కాదు" ఓటు వేశారు. కారణం ఏమీ రాయలేదు. నేను వీడియో కింద "లిరిక్స్" అని ఎవరి పేరు ఉందో ఆయన్నే రచయితగా పెట్టాను. తప్పేంటో అర్థం కాలేదు. ఓటింగ్ ఇంకా కఠినం చేస్తే నాలాంటివాళ్లకి టెన్షన్ పెరుగుతుంది తప్ప నేర్చుకునేది ఏముంటుంది సర్? నాకింకా ఓటు హక్కు కూడా లేదు, 10 మార్పులు ఆమోదం పొందాలంట.

గౌతమితీరం | శనివారం, మధ్యాహ్నం 2:48

కారణం రాయకుండా "కాదు" అనడం చాలా తప్పు బాబూ. ఎవరు చేసినా సరే. మన వరకు ఇది నియమంగా పెట్టుకుందాం: "కాదు" అంటే ఎందుకో రాయాలి, కొత్తవాళ్లయితే ఎలా దిద్దుకోవాలో కూడా రాయాలి.

నీ పాట విషయానికి వస్తే, వీడియో కింద రచయితగా పేరు ఉన్నంత మాత్రాన ఆయన ఆ పాట పుట్టించాడని కాదు. ఎన్నో పాటలు తరతరాలుగా ఊళ్లలో పాడుకుంటున్నవి. వాటికి ఒకరు రెండు చరణాలు కొత్తగా కడతారు, ఒకరు సేకరించి ఇస్తారు, ఒకరు ఉన్నది ఉన్నట్టే పాడతారు. ఈ మూడూ వేర్వేరు. జనం పాటకి రచయిత స్థానంలో "సంప్రదాయం" అనే ప్రత్యేక ఆర్టిస్టు ఉంది. దాన్ని పెట్టి, కొత్త చరణాలు కట్టిన ఆయనని అదనపు రచయితగా చేర్చు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది ఊళ్లో పెద్దవాళ్లని అడిగి తెలుసుకుంటే ఆ మాటే నోట్‌లో రాయి. ఈ పని నువ్వు చేయగలిగినట్టు నేను చేయలేను.

రికార్డుపెట్టె | శనివారం, సాయంత్రం 5:05

ఆధారం ఆధారం అని నేను అనడమే గానీ ఏది ఎంత గట్టిదో చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

రికార్డు లేబుల్, కవరు అన్నిటికంటే ముందు. తర్వాత సినిమా టైటిల్స్. ఆ తర్వాత పాటల పుస్తకం. థియేటర్ల దగ్గర అమ్మేవాళ్లు చూశారా, ఆ పల్చటి పుస్తకాల్లో రచయితల పేర్లు పాటపాటకీ ఉంటాయి చాలా వాటిల్లో. రచయిత గడి నింపడానికి నాకు తెలిసి వాటిని మించింది లేదు. ఇంట్లో ఉంటే పారేయకండి, ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి. స్ట్రీమింగ్ పేజీలో ఉన్నది చివరి స్థానం. వికీపీడియా అసలు ఆధారమే కాదు, అక్కడి వాక్యం కింద ఏ మూలం ఇచ్చారో అది చూడాలి. లేకపోతే అక్కడిది ఇక్కడికి, ఇక్కడిది వికీడేటాకి, అక్కడి నుంచి మళ్లీ ఇంకోచోటికి చేరి, ఒకే తప్పు మూడు చోట్ల కనబడి నిజమైపోతుంది.

ఐఎస్‌ఆర్‌సీ, అంటే ఒక్కో రికార్డింగ్‌కి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు కోడ్ గురించి ఒక హెచ్చరిక. 12 అక్షరాల ఆ కోడ్‌లో సంవత్సరాన్ని చెప్పే రెండంకెలు ఉంటాయి. అది కోడ్ కేటాయించిన సంవత్సరం, పాట రికార్డు చేసిన సంవత్సరం కాదు. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన పాటకి కోడ్‌లో 2000 తర్వాతి అంకెలు ఉన్నాయని రికార్డింగ్ తేదీ గడిలో అది రాస్తే ఎలా?

ఇక కవరు మీద ఉన్నదే సత్యమా అంటే, అదీ కాదు. మాయాబజార్ చూడండి. 1957 సినిమా, సంగీతం ఘంటసాల అని వేశారు. కానీ సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నాక మిగతాది ఘంటసాల గారు పూర్తిచేశారు. "లాహిరి లాహిరి" బాణీ రాజేశ్వరరావు గారిది. మరి డేటాబేసులో ఏం రాయాలి?

కోడ్‌గూడు | శనివారం, సాయంత్రం 5:40

రెండూ రాయాలి, వేర్వేరు చోట్ల. ఈ డేటాబేసు నిర్మాణంలో ఉన్న అందమే అది.

"విడుదల" అంటే బజారులోకి వచ్చిన వస్తువు. దాని మీద ఏం అచ్చయిందో అదే ఉండాలి. కాబట్టి ఆ ఎల్పీకి ఘంటసాల. "కృతి" అంటే ఆ పాట, ఎవరు ఎప్పుడు పాడినా మారనిది. దానికి స్వరకర్త రాజేశ్వరరావు, రచన పింగళి నాగేంద్రరావు. ఈ రెంటి మధ్యా "రికార్డింగ్" ఉంటుంది, అంటే ఒక రోజు స్టూడియోలో పాడినది. దానికి గాయకులు, వాద్యకారులు. 

మనం చూసే గొడవల్లో సగం ఈ మూడింటినీ ఒకటిగా అనుకోవడం వల్లే వస్తున్నాయి. ఒకాయన కవరు చూసి వాదిస్తాడు, ఇంకొకాయన చరిత్ర చూసి వాదిస్తాడు. ఇద్దరూ సరైనవాళ్లే.

నాటు నాటు ఉదాహరణ తీసుకోండి. 2023లో కీరవాణి, చంద్రబోస్ గార్లకి ఆస్కార్ తెచ్చిన పాట. హిందీలో అదే బాణీ "నాచో నాచో" అయింది. సాహిత్యం వేరేవాళ్లది. కాబట్టి అది వేరే కృతి. తెలుగు కృతికి అనువాద రూపం అని దానికి సంబంధం చూపించాలి. హిందీ రికార్డింగ్‌ని తీసుకొచ్చి తెలుగు కృతికి తగిలిస్తే, చంద్రబోస్ గారు హిందీ పాట రాసినట్టవుతుంది. డబ్బింగ్ సినిమాల పాటలన్నిటికీ ఇదే సూత్రం. డబ్బింగ్ పాటల రచయితలు ఎంత కష్టపడి పెదాల కదలికకి మాటలు కుదిర్చారో, వాళ్ల పేర్లే ముందు మాయమవుతాయి.

శ్రుతిబాక్స్ | శనివారం, రాత్రి 8:10

కృతి అనే మాట వచ్చింది కాబట్టి కర్ణాటక సంగీతం వైపు నుంచి నాలుగు మాటలు.

మా వైపు డేటా కొంత మెరుగ్గా ఉంది. దానికి కారణం ఉంది. బార్సిలోనాలోని పాంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన ప్రాజెక్టు జరిగింది. కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ మకాం వంటి సంగీతాల మీద వాళ్లు పని చేశారు. సమాచారం కోసం మ్యూజిక్‌బ్రెయిన్జ్‌నే ఆధారం చేసుకున్నారు. ఈ రోజు కృతికి రాగం, తాళం విడిగా పెట్టుకునే గడులు ఉన్నాయి. ఆ డేటాని నిజంగా వాడుకునేవాళ్లు దగ్గర కూర్చుని చూశారు కాబట్టి నాణ్యత వచ్చింది. ఎవరూ వాడని డేటా ఎవరూ దిద్దరు. ఇది గమనించాల్సిన విషయం.

అయినా అన్నమయ్య దగ్గర చిక్కు అలాగే ఉంది. త్యాగరాజ కృతికి సాహిత్యం, సంగీతం రెండూ ఆయనవే, పేచీ లేదు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద సాహిత్యంగా దొరికాయి, పైన రాగం పేరు ఉంది, బాణీ మనదాకా రాలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఇరవయ్యో శతాబ్దంలో బాణీలు కట్టారు. "నానాటి బ్రతుకు నాటకము" అనగానే మన చెవుల్లో మోగే రేవతి రాగం నేదునూరి గారిది. అలాంటిది స్వరకర్త గడిలో "అన్నమాచార్య" అని పెట్టేస్తే నేదునూరి గారి పేరు పోయినట్టే.

నేనైతే ఇలా చేస్తాను. సాహిత్యానికి ఒక కృతి, రచయిత అన్నమయ్య. నేదునూరి గారి బాణీకి ఇంకో కృతి, మొదటిదాని ఆధారంగా. అదే సంకీర్తన వేరొకరి బాణీలో ఉంటే మూడోది. ఎవరైనా ఇవి నకిలీలు అనుకుని కలపబోతే దయచేసి ఆపండి. కోడ్‌గూడు గారు చెప్పినట్టు, ఒకసారి కలిపాక ఏ ఆల్బమ్‌లో ఎవరి బాణీ పాడారో మళ్లీ విని వేరు చేయాల్సిందే. ఆ పని చేయగల చెవులు ఎంతమందికి ఉన్నాయి?

డాలస్_పాటలు | ఆదివారం, ఉదయం 7:20

ఇక్కడ మేం కొందరం ఇళ్లలో మూలనపడ్డ కేసెట్లు డిజిటల్ చేస్తున్నాం. నా అనుభవంలో తప్పులు ఎక్కువగా వచ్చేది ఒక్కొక్కరు చేతితో టైపు చేసిన వాటి నుంచి కాదు. స్ట్రీమింగ్ నుంచి స్క్రిప్టుతో గుంపుగా లాగేసిన వాటి నుంచి. ఒకడు ఓ సాయంత్రం కూర్చుంటే వందల ఆల్బమ్‌లు లోపలికి వచ్చేస్తాయి. "హిట్ సాంగ్స్", "ఆల్ టైమ్ హిట్స్" లాంటి సంకలనాలు. ఒకే పాట పది సంకలనాల్లో ఉంటే పది రికార్డింగులు పుడతాయి.

అప్పుడు ఇంకొకరు వచ్చి, పేరు ఒకటే, గాయకుడు ఒకరే అని వాటిని కలిపేస్తారు. అందులో రెండు రకాల ప్రమాదం ఉంది. ఒకటి, ఆ రోజుల్లో 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల పైన కొంచెమే పట్టేది. అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండకపోవచ్చు. సినిమా నుంచి తీసిన పాట, రికార్డు పాట వేర్వేరు రికార్డింగులు. రెండు, కేసెట్ల కాలంలో పాత పాటల్ని వేరే గాయకులతో మళ్లీ పాడించి అమ్మారు. కవరు మీద సినిమా పేరు పెద్దగా, పాడినవాళ్ల పేరు చిన్నగా. గొంతు విననివాడు అసలు పాటే అనుకుంటాడు.

అకౌస్ట్‌ఐడీ వేలిముద్ర (ఆడియోని బట్టి పాటని గుర్తుపట్టే కంప్యూటర్ ముద్ర) కలిసింది కదా అంటారు కొందరు. ఆ ముద్ర మామూలుగా పాటలో మొదటి రెండు నిమిషాల నుంచి తీస్తారు. మొదటి రెండు నిమిషాలు ఒకటే అయి, తర్వాతి చరణం ఒకదాంట్లో లేకపోతే? నిడివి చూడండి, చివరి దాకా వినండి, ఆ తర్వాతే కలపండి. తేడా కేవలం రీమాస్టరింగే అయితే అది కొత్త రికార్డింగ్ కాదు, నిశ్చింతగా కలపొచ్చు.

రెండోచరణం | ఆదివారం, ఉదయం 8:45

డాలస్_పాటలు గారూ, నా పేరు వెనక కథ మీరు చెప్పేశారు. రికార్డులో లేని చరణాల కోసం వెతికేవాణ్ని నేను.

నిన్నటి నుంచి అన్నీ చదివాను. నా మొదటి ప్రతిపాదన వదిలేస్తున్నాను. కొత్తవాళ్లందరినీ ఆపితే కొత్తగొంతు లాంటివాళ్లు వెళ్లిపోతారు. గుంపుగా లాగి పోసేవాడికి ఎలాగూ ఓటు హక్కు, పాత అకౌంటు అన్నీ ఉంటాయి, వాడు ఆగడు. కోడ్‌గూడు గారి సూత్రమే సరైనదనిపిస్తోంది: వెనక్కి తీసుకోలేని చోట గట్టిగా ఉండటం.

కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. చూసేదెవరు? సూత్రం ఉంటే చాలదు, రోజూ చూసే కళ్లు కావాలి.

కోడ్‌గూడు | ఆదివారం, ఉదయం 9:30

దానికి పనిముట్లు ఇప్పటికే ఉన్నాయి, మనం వాడటం లేదంతే.

ఎడిట్ సెర్చ్‌లో (మార్పుల్ని వెతికే పేజీ) విడుదల భాష తెలుగు అని పెట్టి, ఇంకా తెరిచి ఉన్న మార్పులు మాత్రమే చూపించమని అడగండి. ఆ వెతుకులాట లింకుని బుక్‌మార్క్ చేసుకోవచ్చు. మార్పు రకం "విలీనం" అని ఇంకో లింకు తయారుచేసి ఇస్తాను, ముందు అది చూడండి, టైముంటే మిగతావి.

ఆర్టిస్టుల్ని సబ్‌స్క్రైబ్ చేసుకుంటే వాళ్ల పేజీలో మార్పులు మెయిల్‌కి వస్తాయి. అందరం అందరినీ చేసుకోనక్కర్లేదు, పంచుకుందాం. కలెక్షన్‌లు, అంటే మనం ఎంచి పెట్టుకునే జాబితాలు కూడా సబ్‌స్క్రైబ్ చేసుకోవచ్చు, ఒకే కలెక్షన్‌లో అనేకమంది కలిసి చేర్చే వీలూ ఉంది. గొడవ ఎక్కువగా ఉండే విడుదలలు ఒక కలెక్షన్‌లో వేద్దాం. మరో ముఖ్యమైన సంగతి, ఎడిటర్లని కూడా సబ్‌స్క్రైబ్ చేసుకోవచ్చు. దాన్ని నిఘాకి వాడొద్దు, నేర్పడానికి వాడదాం. గౌతమితీరం గారు కొత్తగొంతు మార్పులు చూస్తూ ఉంటే తనకి కారణం రాయని "కాదు" ఓట్లు ఎదురుకావు.

గౌతమితీరం | ఆదివారం, ఉదయం 9:52

తప్పకుండా చూస్తాను. సుశీల, జానకి, లీల, జిక్కి, సి. కృష్ణవేణి, ఈ పేజీలు నాకు వదిలేయండి. శ్రీనివాస్‌ల నలుగురినీ కూడా తీసుకుంటాను. అన్నమయ్య, త్యాగరాజు శ్రుతిబాక్స్ గారికి.

శ్రుతిబాక్స్ | ఆదివారం, ఉదయం 10:20

సరేనండి. నేదునూరి, బాలమురళీకృష్ణ గార్ల పేజీలు కూడా చూస్తాను. రాళ్లపల్లి గారి బాణీలు గుర్తుపట్టగలవాళ్లు ఇంకెవరైనా ఉంటే తోడు రండి.

రికార్డుపెట్టె | ఆదివారం, ఉదయం 11:00

ఘంటసాల, రాజేశ్వరరావు, పెండ్యాల, టి.వి. రాజు నావి. ఎవరైనా ఈపీ, ఎల్పీ వివరం అడిగితే ఫోటో తీసి పెడతాను. ముందూ వెనకా కవరు, లేబుల్ రెండు వైపులా కవర్ ఆర్ట్ ఆర్కైవ్‌లోకి (మ్యూజిక్‌బ్రెయిన్జ్ విడుదలల కవరు బొమ్మలు దాచే చోటు) ఎక్కించేయండి. అది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలవ ఉంటుంది. వాదన వచ్చినప్పుడు నా మాట నమ్మాల్సిన పని లేదు, బొమ్మ తెరిచి చూసుకోవచ్చు.

మరో మాట. ఇంత తాపత్రయం ఎందుకంటే, ఈ డేటా ఎవరి సొత్తూ కాదు కాబట్టి. 1990ల్లో సీడీల వివరాలు జనం టైపు చేసి సీడీడీబీ అనే డేటాబేసుకి ఇచ్చారు, అది వ్యాపార సంస్థ చేతికి వెళ్లిపోయింది. ఆ కోపంలోంచే ఇలాంటి స్వేచ్ఛా డేటాబేసులు పుట్టాయి. ఇక్కడి ప్రధాన సమాచారం ఎవరైనా వాడుకోవచ్చు. రేపు ఎవరో తెలుగు పాటల మీద పుస్తకం రాసినా, యాప్ చేసినా ఇక్కడి నుంచే తీసుకుంటారు. అప్పుడు రాజ్ గారి పేరు, వెన్నెలకంటి గారి పేరు అక్కడ ఉండాలి.

కొత్తగొంతు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

అందరికీ థ్యాంక్స్. మా మేనమామ దగ్గర ఒక పాత కేసెట్ ఉంది, ఎక్కించే ముందు నోట్ ఇక్కడ పెడుతున్నా. చూసి చెప్పండి:

"కేసెట్ నా దగ్గర ఉంది. కవరు, రెండు వైపుల లేబుళ్ల ఫోటోలు ఎక్కించాను. ఏ వైపు ఒక సినిమా పాటలు, బీ వైపు ఇంకో సినిమా పాటలు. పాటల పేర్లు కవరు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఉన్నాయో అలాగే రాశాను. కవరు మీద గాయకుల పేర్లు మొత్తానికి కలిపి ఉన్నాయి, పాటపాటకీ లేవు, కాబట్టి పాటల దగ్గర గాయకుల్ని విని గుర్తుపట్టి పెట్టాను. విడుదల సంవత్సరం కవరు మీద లేదు, ఖాళీగా వదిలాను."

రెండు సినిమాలున్నాయి కదా, దీన్ని ఏ సినిమా ఆల్బమ్ కింద పెట్టాలి?

రికార్డుపెట్టె | ఆదివారం, మధ్యాహ్నం 12:40

నోట్ చాలా బాగుంది నాన్నా. సంవత్సరం ఊహించకుండా ఖాళీగా వదిలావు, అదే సరైన పని.

రెంటి కిందా పెట్టకు. ఈ కేసెట్‌కి విడిగా ఒక విడుదల గ్రూపు (ఆల్బమ్ పేజీ) చేసి సంకలనం, సినిమా సంగీతం అని రెండు రకాలూ గుర్తించు. పాటలు మాత్రం ఆ రెండు సినిమాల ఆల్బమ్‌లలో ముందే ఉన్న రికార్డింగులకి కలుపు, నిడివి సరిపోయి, విన్నాక అదే పాటని తేలితేనే. "విని గుర్తుపట్టాను" అన్నచోట ఏ పాటకి అనుమానం ఉందో దాని పేరు కూడా రాసి ఉంచు. అనుమానం ఉన్న పాట ఆడియో ముక్క గౌతమితీరం గారికి పంపు, ఆమె గొంతు గుర్తుపడతారు.

గౌతమితీరం | ఆదివారం, మధ్యాహ్నం 12:55

పంపు బాబూ. పల్లవి ఒక్కటే కాదు, చరణం కూడా ఉండేలా కట్ చేసి పంపు. పల్లవి కోరస్‌తో కలిసి ఉంటే గొంతు తేలదు.